పాత కారు ఆయిల్ తాగుతుంటే: గేజి నుంచి బోరింగు దాకా

లక్షన్నర కిలోమీటర్లు దాటిన కారు ఆయిల్ తాగడం మొదలెట్టగానే నలుగురి నోటా వినబడే మాట ఒకటే: "బోరుకొచ్చేసిందండీ, ఇంజన్ దించాల్సిందే." అంటే సిలిండర్ లోపలి గోడ, బోరు, అరిగిపోయిందని. నిజమే కావచ్చు, కాకపోనూవచ్చు. ఇంజన్ లోపలి గ్యాసుని తిరిగి ఇన్‌టేక్‌కి పంపే చిన్న పీసీవీ వాల్వు మొరాయించినా, టాపెట్ కవర్ ప్యాకింగ్ గట్టిపడినా, వాల్వ్ సీళ్లు ఎండిపోయినా, పిస్టన్ రింగులు అరిగినా ఆయిల్ గేజి (మట్టం చూసే పుల్ల) మీద కనబడేది ఒకటే, మట్టం తగ్గడం. వీటిలో కారణం ఏదో తేలేదాకా ఇంజన్ మీద పానా పడనివ్వకండి.

ఆయిల్ కాలడం ఇంజన్‌ని వెంటనే చంపదు. కాలుతోందని తెలిసీ గేజి తీసి చూడకపోతే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌లో ఆయిల్ అడుగంటి, బేరింగులు పట్టేస్తాయి. అప్పుడు రింగులతో తేలే పని క్రాంకు దాకా పోతుంది. అందుకే ఈ పనులు వరసగా చేయాలి.

ముందు కొలవండి

"బాగా తాగేస్తోంది" అంటే మెకానిక్‌కి ఏమీ అర్థం కాదు. "వెయ్యి కిలోమీటర్లకి 600 మి.లీ." అంటే అర్థమవుతుంది. కొలిచే పద్ధతి ఇది:

1. బండిని చదునైన చోట ఆపండి. కాలవ గట్టు మీద, ఇంటి ముందు ర్యాంపు మీద తీసిన లెక్క పనికిరాదు. ఇంజన్ వేడెక్కాక ఆపి, పది నిమిషాలు ఆగండి. పైనున్న ఆయిల్ చాంబర్‌లోకి దిగాలి.
2. గేజి తీసి బనియన్ వేస్టుతో తుడిచి, మళ్లీ పూర్తిగా దించి, తీసి చూడండి. మొదటిసారి తీసినప్పుడు కనిపించేది నమ్మకండి.
3. పై గీత దాకా ఆయిల్ పోసి, కిలోమీటర్ల రీడింగు రాసుకోండి.
4. ప్రతి 250 కి.మీ.కి చూడండి. వెయ్యి కి.మీ. అయ్యాక కొలత గీతలున్న గ్లాసుతో మళ్లీ పై గీతకి తెండి. ఎంత పట్టిందో అదే మీ లెక్క.

చాలా చిన్న కార్లలో గేజి మీద రెండు గీతల మధ్య తేడా ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా ఉంటుంది. మొత్తం పట్టేది మూడు లీటర్ల దగ్గర. వెయ్యికి లీటరు తాగే బండి అమలాపురం నుంచి హైదరాబాదు వెళ్లి వస్తే దగ్గరదగ్గర 900 కి.మీ. పై గీత దగ్గర బయల్దేరినది ఇంటికొచ్చేసరికి కింది గీత దగ్గర ఉంటుంది, ఇంకా కిందకి దిగినా ఆశ్చర్యం లేదు. పైగా హైవే మీద వందలో పోయేటప్పుడు తాగేది, ఊరి రోడ్ల మీద నలభైలో తిరిగేటప్పుడు తాగేదానికన్నా బాగా ఎక్కువ. అందుకే రెండు రకాల తిరుగుడుకీ విడివిడిగా లెక్క తీయండి.

మూడు వేలకి లీటరు అయితే వయసైన బండికి అది మామూలే, పోసుకుంటూ తిరగండి. వెయ్యికి లీటరు అంటే కారణం వెతకాలి. ఐదొందలకే లీటరు అయిపోతుంటే దూర ప్రయాణాలు మానేసి కింది పరీక్షలన్నీ చేయించాల్సిందే.

ఎర్ర ఆయిల్ లైటు మట్టం చెప్పే లైటు కాదు, ప్రెషర్ పోయిందని చెప్పే లైటు. మలుపులో గానీ బ్రేకు కొట్టినప్పుడు గానీ అది ఒక్కసారి మిణుక్కుమన్నా ఆయిల్ బాగా కిందకి దిగిపోయిందని అర్థం. పక్కకి ఆపి ఇంజన్ కట్టేయండి. "బంకు దాకా పోదాం" అనుకున్న ఆ రెండు కిలోమీటర్లే బేరింగుల్ని తినేస్తాయి.

కారుతోందా, కాలుతోందా?

రాత్రి బండి కింద పెద్ద అట్టముక్క పరవండి. పొద్దున మరక ఎక్కడ పడిందో చూస్తే సగం సంగతి తెలుస్తుంది. ఇంజన్ బెల్టులున్న వైపు పడితే క్రాంక్ ముందు సీలు, ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే చోట పడితే వెనక సీలు, ఒక పక్కగా పడితే ఫిల్టరు, ప్రెషర్ స్విచ్చి. అట్ట పొడిగా ఉందని కారడం లేదనుకోకండి. టాపెట్ కవర్ నుంచి కారేది వేడి సైలెన్సర్ పైపు మీద పడి అక్కడే మాడిపోతుంది, నేల దాకా రాదు. బండి ఆపగానే బానెట్ దగ్గర మాడు వాసన వస్తే ముందు ఆ ప్యాకింగే చూడండి. ఇంజన్ శుభ్రంగా కడిగించి, రెండొందల కిలోమీటర్లు తిరిగాక టార్చి వేసి పైనుంచి కిందకి వెతకండి. కారినది కిందకీ వెనక్కీ పాకుతుంది కాబట్టి, తడి కనబడ్డ చోట్లలో అన్నిటికన్నా పైనున్నదే అసలు చోటు.

మన గోదావరి డెల్టాలో రెండు జబ్బులు ప్రత్యేకం. ఒకటి ఉప్పు. భీమవరం, ఆకివీడు, నరసాపురం వైపు రొయ్యల చెరువుల గట్ల మీద రోజూ తిరిగే బండికి ఉప్పుతడి తగిలి, రేకు చాంబరు బయటినుంచి తుప్పు తింటుంది. డ్రెయిన్ బోల్టు చుట్టూ, అడుగు అంచుల్లో రంగు పొక్కులు లేచి ఉంటే స్క్రూడ్రైవర్ కొసతో నొక్కి చూడండి. మెత్తగా దిగితే ఎంసీల్ పూసి నెట్టుకురావద్దు, చాంబరు మార్చేయండి. రెండోది గట్టు రోడ్డు మధ్యలో రాయి తగిలి చాంబరు సొట్టపోవడం. కారకపోయినా అది ప్రమాదమే. లోపల ఆయిల్ పీల్చే జల్లెడ చాంబరు అడుగుకి కొద్ది మిల్లీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. సొట్ట దాన్ని ఒత్తితే మట్టం నిండుగా ఉన్నా ప్రెషర్ రాదు.

పొగ చెప్పే కబురు

నీలం పొగ ఆయిల్‌ది, నలుపు ఎక్కువైన పెట్రోలుది లేదా డీజిలుది. తెలుపు నీటిది. అయితే సంక్రాంతి రోజుల్లో మంచు పట్టిన తెల్లారుజామున ఏ బండి సైలెన్సరైనా తెల్లటి ఆవిరి వదులుతుంది, ఇంజన్ వేడెక్కాక అది పోతుంది. వేడెక్కినా తగ్గకపోతే, రేడియేటర్‌లో నీళ్లు కూడా తగ్గుతుంటే హెడ్ ప్యాకింగ్ సంగతి చూడాలి. అది వేరే కథ. ఆయిల్ మూత కింద కొద్దిగా తెల్ల నురగ ఉన్నా కంగారొద్దు. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండిలో మన గాలి తేమ అక్కడ చేరుతుంది. గేజి మీద కూడా పాలు కలిపిన కాఫీ రంగు కనిపిస్తే అప్పుడు భయపడాలి.

నీలం పొగ ఎప్పుడు వస్తోందన్నదే అసలు ఆధారం. రాత్రంతా ఆగిన బండి పొద్దున స్టార్టు చేయగానే ఒక్క బుస్సుమని వదిలి ఆగిపోతే వాల్వ్ సీళ్లు. రాత్రి వాల్వు కాండాల వెంట జారిన ఆయిల్ అప్పుడు కాలుతుంది. రైల్వే గేటు దగ్గర ఐదు నిమిషాలు ఆన్‌లో ఉంచి, గేటు లేవగానే ఎక్సలేటర్ తొక్కితే పొగ ఎగసినా అవే. ఎక్సలేటర్ తొక్కినంతసేపూ, బరువు లాగుతున్నంతసేపూ పొగ ఆగకుండా వస్తే రింగులు.

ఇంజన్ బ్రేకింగుతో చేసే పరీక్ష ఒకటుంది. మనకి ఘాటు రోడ్లు లేవు, బ్రిడ్జి దిగుళ్లే దిక్కు. రాజమండ్రి రైలు-రోడ్డు బ్రిడ్జి కొవ్వూరు వైపు దిగుడులాంటి చోట, వెనక వాహనాలు లేనప్పుడు, మూడో గేర్‌లో కాలు ఎక్సలేటర్ మీంచి పూర్తిగా తీసి దిగండి. అడుగుకి రాగానే గట్టిగా తొక్కండి. వెనక బైకు మీద ఒకర్ని రమ్మని చూడమనండి. దిగేటప్పుడు మానిఫోల్డులో పుట్టే పీల్పు, వదులైన సీళ్లలోంచి ఆయిల్‌ని లోపలికి లాగుతుంది. తొక్కగానే అది మబ్బులా బయటికొస్తుంది.

పొగ కనబడకపోయినా ఆయిల్ కాలడం లేదనుకోవద్దు. కాటలిటిక్ కన్వర్టర్ ఉన్న బండి కొద్దిపాటి ఆయిల్‌ని కాల్చి దాచేస్తుంది. కాకపోతే ఆయిల్ బూడిద దాన్నీ, ఆక్సిజన్ సెన్సర్‌నీ మెల్లగా పాడుచేస్తుంది. పొల్యూషన్ సర్టిఫికెట్ పరీక్షలో హెచ్‌సీ (కాలకుండా మిగిలిన హైడ్రోకార్బన్ల) అంకె ప్రతిసారీ పెరుగుతుంటే దీన్నీ అనుమానించాలి. పదిహేనేళ్లు నిండి ఆర్‌సీ రెన్యువల్‌కి పెట్టబోయే బండికి ఈ సంగతి ముందే చూసుకోవాలి.

చవకైనవి ముందు: పీసీవీ, గాలి ఫిల్టరు

రింగుల పక్కనుంచి కొద్దిగా గ్యాసు కిందకి జారడం ప్రతి ఇంజన్‌లోనూ ఉంటుంది. ఆ గ్యాసును తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపే చిన్న వాల్వే పీసీవీ. జిడ్డు పట్టి మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి ప్రతి సీలూ ప్యాకింగూ ఉబ్బి కారుతాయి. తెరుచుకునే ఉండిపోతే గ్యాసుతో పాటు ఆయిల్‌ని కూడా పీల్చేస్తుంది. వాల్వుని తీసి చెవి దగ్గర ఊపండి, లోపల గలగలమనాలి. ఇంజన్ ఆన్‌లో ఉండగా దాని నోటికి వేలు అడ్డం పెడితే పీల్పు తెలియాలి. అనుమానముంటే కడగడం మాని కొత్తది వేయండి. గొట్టం మెత్తబడి నలిగిపోయి ఉంటే దాన్నీ మార్చండి. కొన్ని పాత ఇంజన్లలో వాల్వు ఉండదు, గొట్టమూ సన్నటి రంధ్రమూ మాత్రమే ఉంటాయి. ఆ రంధ్రంలో జిడ్డు పొడుచుకుంటే చాలు.

గాలి ఫిల్టరు సంగతి చాలామందికి పట్టదు. రింగులూ బోరూ అరగడానికి దుమ్ము పెద్ద కారణం. సార్వా, దాళ్వా కోతల రోజుల్లో రోడ్ల మీద వడ్లు ఆరబోసి తూర్పారబడుతుంటే లేచే ధూళి, రైసు మిల్లుల పక్క ఎగిరే ఊక, ఇసుక లారీల వెనక లేచే దుమ్ము అన్నీ ఆ ఫిల్టరు మీదే పడతాయి. ఫిల్టరు తర్వాత, త్రాటిల్‌కి ముందున్న రబ్బరు గొట్టాన్ని విప్పి, లోపలి గోడల్ని తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డకి మట్టి అంటితే ఫిల్టరు సరిగా కూర్చోవడం లేదు, లేదా గొట్టం ఎక్కడో చిట్లింది. అది సరిచేయకుండా కొత్త రింగులు వేయించినా మళ్లీ అరిగిపోతాయి. ఫిల్టరు మీద ఆయిల్ తడి కనిపిస్తే లోపల బ్లోబై, అంటే రింగుల పక్కనుంచి జారే గ్యాసు, ఎక్కువైందని గుర్తు.

ప్లగ్గులు, కంప్రెషన్, కెమెరా

ప్లగ్గులన్నీ తీసి, ఏ సిలిండర్‌ది ఏదో వరసగా పెట్టండి. ఒక్కటి మాత్రమే నల్లగా, తడిగా, జిడ్డుగా ఉంటే రోగం ఆ సిలిండర్‌దే. అన్నీ అలాగే ఉంటే వయసుది.

కంప్రెషన్, అంటే పిస్టన్ సిలిండర్‌లో గాలిని నొక్కే ఒత్తిడి, చూసేటప్పుడు జరిగే పొరపాట్ల వల్లే తప్పుడు అంకెలొస్తాయి. ఇంజన్ వేడిగా ఉండాలి. ప్లగ్గులన్నీ బయట ఉండాలి. కాయిల్ కనెక్షను, పెట్రోలు పంపు ఫ్యూజు తీసేయాలి. ఎక్సలేటర్ పూర్తిగా తొక్కి పట్టుకోవాలి. బ్యాటరీ నిండుగా ఉండాలి. గేజి ముల్లు ఐదారు సార్లు ఎగిరేదాకా తిప్పాలి. ఆరోగ్యంగా ఉన్న పాత పెట్రోలు ఇంజన్లు సాధారణంగా చదరపు సెంటీమీటరుకి 12 నుంచి 14 కేజీలు చూపిస్తాయి. అంకె ఎంతన్నది ఒకటైతే, సిలిండర్ల మధ్య తేడా అంతకన్నా ముఖ్యం. ఒక కేజీకి మించి తేడా ఉంటే తక్కువ వచ్చిన దాన్లో ఒక చెంచా, అంటే 5 నుంచి 10 మి.లీ. ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె ఎగబాకితే రింగులు, కదలకపోతే వాల్వులు.

ఇక్కడే మంచి మెకానిక్కులు కూడా బోల్తాపడతారు. కంప్రెషన్ బాగుంది కాబట్టి రింగులు బాగున్నాయనుకోవడం తప్పు. పిస్టన్ మీద పై రెండు రింగులు కంప్రెషన్‌కి, కింది రింగు బోరు మీది ఆయిల్ గీకడానికి. కింది రింగు మాత్రమే కార్బన్‌తో గాడిలో అతుక్కుపోతే కంప్రెషన్ నిక్షేపంగా వస్తుంది, ఆయిల్ మాత్రం కాలుతుంది. దీన్ని తేల్చడానికి ఫోనుకి తగిలించే ఎండోస్కోప్ కెమెరా ప్లగ్గు రంధ్రంలోంచి దించి చూడాలి. పిస్టన్ తల అంచు చుట్టూ కార్బన్ కడిగేసినట్టు తడిగా మెరుస్తుంటే ఆయిల్ కిందినుంచి, అంటే రింగుల దగ్గర్నుంచి వస్తోంది. అంచులు పొడిగా ఉండి ఇన్‌టేక్ వాల్వు వెనక తడి, బొగ్గు గడ్డలు ఉంటే పైనుంచి, సీళ్ల దగ్గర్నుంచి వస్తోంది.

అతుక్కున్న రింగుల్ని నానబెట్టడం

పెట్రోలు ఇంజన్లకి మాత్రమే. డీజిల్ ఇంజన్‌లో ఇది చేయొద్దు.

ఇంజన్ గోరువెచ్చగా ఉండగా ప్లగ్గులు తీసి, పిస్టన్లు వీలైనంత వరకు మధ్య ఎత్తులో ఉండేలా క్రాంకు తిప్పండి. కార్బన్ కరిగించే ద్రావణం, త్వరగా ఆవిరి కానిది, ఒక్కో సిలిండర్‌లో 30 నుంచి 50 మి.లీ. పోయండి. ప్లగ్గులు బిగించకుండా రంధ్రాల మీద గుడ్డ పరిచి రాత్రంతా వదిలేయండి. మధ్యలో రెండు మూడుసార్లు క్రాంకుని చేత్తో కొద్దిగా అటూ ఇటూ కదపండి. పొద్దున ద్రావణం దిగిపోయి ఉంటే ఇంకోసారి పోయండి.

ప్లగ్గులు పెట్టి సెల్ఫ్ కొడితే లోపల మిగిలిన ద్రవం నొక్కుకోదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ముందు ప్లగ్గులు లేకుండా, కాయిలూ పంపూ విప్పి, గుడ్డలు కప్పి పది సెకన్లు తిప్పండి. మిగిలిందంతా పైకి చిమ్ముతుంది. మొహం దూరంగా పెట్టండి, చుట్టుపక్కల నిప్పు ఉండకూడదు. కారిన ద్రావణం ఆయిల్‌ని పలుచన చేసి ఉంటుంది కాబట్టి, ఇంజన్ స్టార్టు చేయక ముందే ఆయిలూ ఫిల్టరూ మార్చాలి. స్టార్టు చేశాక కాసేపు వీధంతా పొగే. ఇరుగుపొరుగుకి ముందే చెప్పి పెట్టుకోండి.

ఫలితం ఆ రోజే కనబడదు. కొత్త ఆయిల్ 3,000 కి.మీ.కే మార్చి, మళ్లీ కొలిస్తే తేడా తెలుస్తుంది. రింగు అతుక్కుంటేనే ఇది పనిచేస్తుంది, అరిగిపోయిన రింగుని ఏ మందూ పెంచలేదు. ఏళ్ల తరబడి ఆయిల్ మార్చని, లోపల తారు పట్టిన ఇంజన్‌లో ఫ్లషింగ్ మందు పోస్తే ఊడిన పెళ్లలు పీల్చే జల్లెడకి అడ్డం పడతాయి. అలాంటిదానికి మూడు వేలకోసారి వరసగా మూడు సార్లు ఆయిల్ మార్చడమే మందు.

వాల్వ్ సీళ్లు

సీళ్లే అని తేలితే హెడ్డు దించక్కర్లేదు. ప్లగ్గు రంధ్రంలోంచి కంప్రెషర్ గాలి ఎక్కించి గానీ, నైలాన్ తాడు దూర్చి పిస్టన్‌ని పైకి తెచ్చి గానీ వాల్వు కిందకి జారకుండా ఆపి, స్ప్రింగు నొక్కి సీలు మార్చొచ్చు. వేడికి తట్టుకునే విటాన్ రబ్బరువి అడగండి. స్ప్రింగు తీసినప్పుడే వాల్వు కాండాన్ని పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడమనండి. గైడు వదులుగా ఉంటే కొత్త సీలు ఎంతోకాలం నిలవదు. అప్పుడు మాత్రం హెడ్డు దించి గైడు మార్చాల్సిందే.

పోసుకుంటూ తిరగాలంటే ఏ ఆయిల్?

పాత కార్బురేటర్ కాలం ఇంజన్లకి, వేరియబుల్ వాల్వ్ టైమింగ్ (వీవీటీ, వాల్వులు తెరుచుకునే వేళని మార్చే ఏర్పాటు) లేని పాత ఎంపీఎఫ్‌ఐ (పెట్రోలుని ఇంజెక్టర్లతో చిమ్మే) ఇంజన్లకి 20డబ్ల్యూ-50 బాగా కుదురుతుంది. 20డబ్ల్యూ అన్నది మైనస్ 15 డిగ్రీల చలిలో తిరిగే పరీక్ష. మనం 15 డిగ్రీలకే మఫ్లర్లు కట్టేస్తాం, కాబట్టి ఆ దిగులు లేదు. రెండో అంకె, 50, వేడి మీద చిక్కదనం చెబుతుంది. 30 నుంచి 40కి, 40 నుంచి 50కి పోతే కాలేది కొంత తగ్గుతుంది. వీవీటీ, హైడ్రాలిక్ టాపెట్లు ఉన్న కొత్త తరం ఇంజన్లకి మాత్రం 50 వద్దు. వాటి సన్న దారులు పలచని ఆయిల్ కోసం తీర్చినవి. మాన్యువల్ ఒప్పుకునే వాటిలో చిక్కనిదాని దగ్గర ఆగండి. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) ఉన్న డీజిల్‌లో బూడిద తక్కువ ఉండే రకమే వాడాలి.

ఒక్కసారికి 200 మి.లీ. మించకుండా పోసి గేజి చూడండి. పై గీత దాటితే క్రాంకు ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది, సీళ్లు తన్నుకొస్తాయి. డ్రమ్ములోంచి వంచిన లూజు ఆయిల్ వద్దు. ఖాళీ డబ్బా పారేసే ముందు చీల్చండి, లేకపోతే దాన్లోనే నకిలీది నింపుతారు. "ఎలాగూ పోస్తున్నాం కదా" అని ఆయిల్ మార్చడం మానొద్దు. పైన పోసేది కొత్తదే అయినా కింద చేరిన కార్బనూ ఆమ్లాలూ అలాగే ఉంటాయి. ఐదు వేలకి గానీ ఆరు నెలలకి గానీ, ఏది ముందొస్తే అప్పుడు ఫిల్టర్‌తో సహా మార్చండి.

ప్లగ్గు పదేపదే మూసుకుపోతుంటే ఒక మెట్టు వేడి రకం (కొస ఎక్కువ వేడిగా ఉండేది) వేయండి. ఎన్‌జీకేలో అంకె తగ్గితే వేడి, బాష్‌లో అంకె పెరిగితే వేడి.

రింగులకి దించితే

ఏడాదికి పోసే ఆయిల్ ఖర్చు లెక్కేసి, మెకానిక్ చెప్పిన మొత్తం పక్కన పెట్టి చూడండి. ఏడాదికి పదివేలు తిరిగే బండి వెయ్యికి లీటరు తాగితే పది లీటర్లు. ఆ డబ్బుతో ఎన్నేళ్లు నెట్టొచ్చో తెలుస్తుంది. కంప్రెషన్ పడిపోయి, బండి లాగకపోతే మాత్రం దించక తప్పదు.

దించాక బోరింగ్ షాపులో మీరు నిలబడి అడగాల్సినవి ఉన్నాయి. బోరుని డయల్ గేజితో పైన, మధ్యలో, కింద, రెండు దిక్కుల్లో కొలిచారా? అరుగుదల, కోలదనం మిల్లీమీటరులో పదో వంతు, అంటే 0.10 మి.మీ. లోపల ఉంటే హోనింగ్ (బోరు గోడని సన్నగా గరుకు చేయడం) చేసి కొత్త రింగులు వేయొచ్చు. దాటితే 0.25 గానీ 0.50 గానీ ఓవర్‌సైజు పిస్టన్లతో రీబోరు, అంటే బోరుని కొద్దిగా పెద్దది చేయడం. హోనింగ్ లేకుండా నున్నగా మెరిసే బోరులో కొత్త రింగులు వేస్తే అవి సర్దుకోవు, పొగ ఎప్పట్లాగే వస్తుంది. ప్రతి రింగునీ బోరులో పెట్టి ఫీలర్ గేజితో సందు చూడాలి. చిన్న ఇంజన్లలో పై రింగుకి 0.15 నుంచి 0.30 మి.మీ. ఉంటుంది, మీ ఇంజన్ అంకె మాన్యువల్‌లో చూడండి. సందులు ఒకదాని కింద ఒకటి పడకుండా తిప్పి పెట్టాలి. గుర్తున్న ముఖం పైకి ఉండాలి.

మొదటి వెయ్యి కిలోమీటర్లు ఒకే స్పీడులో లాగొద్దు, ఊరికే ఆన్‌లో నిలబెట్టొద్దు, 3,000 ఆర్‌పీఎం దాటొద్దు. మినరల్ ఆయిలే పోసి 500 కి.మీ.కే మార్చండి.

టర్బో డీజిల్ అయితే

ఇంటర్‌కూలర్ గొట్టం విప్పి చూడండి. లోపల పలుచని తడి మామూలే, మడుగు కట్టి ఉంటే టర్బో సీలు. టర్బో మార్చేముందు దాన్నుంచి ఆయిల్ కిందకి దిగే పైపు మూసుకుపోయిందేమో చూడాలి, లేకపోతే కొత్తదీ అలాగే కక్కుతుంది. బాగా ముదిరితే ఇంజన్ తన ఆయిల్‌నే ఇంధనంగా తాగి, తాళం తీసినా ఆగకుండా అరుస్తుంది. అప్పుడు క్లచ్చు తొక్కి పెద్ద గేరు వేసి, బ్రేకు గట్టిగా పట్టి, క్లచ్చు వదిలేసి చంపేయండి. చెయ్యి పెట్టి గాలి గొట్టం మూయబోకండి.

వరద నీళ్లలో మునిగితే

లంక ఊళ్లలో నీళ్లు చక్రాల మీదికి ఎక్కిన బండికి సెల్ఫ్ కొట్టొద్దు. డ్రెయిన్ బోల్టు వదులు చేస్తే ముందు నీళ్లే వస్తాయి, ఆయిల్ కన్నా బరువు కదా. అంతా దించి, ప్లగ్గులు తీసి సిలిండర్లలో నీళ్లు లేవని చూసుకుని, కొత్త ఆయిలూ ఫిల్టరూ వేసి పది నిమిషాలు తిప్పి, మళ్లీ మార్చండి. వారాల తరబడి అలా వదిలేస్తే రింగులు తుప్పుతో బోరుకి పట్టుకుంటాయి. తర్వాత అదే బండి ఆయిల్ తాగుతుంది.

దించిన నల్ల ఆయిల్‌ని చెదలకనో, గేదెల పాక గుంజలకనో పూయడం, మిగిలింది కాలవలో ఒంపడం మన దగ్గర అలవాటు. ఆ కాలవ నీళ్లే కింద ఊరి మంచినీళ్ల చెరువులోకి పోతాయి. పాత ఫిల్టరుకి మేకుతో బెజ్జం పెట్టి ఒక రాత్రి తలకిందులుగా వదిలితే లోపలి ఆయిలూ దిగుతుంది. అంతా ఒక డబ్బాలో పట్టి మూత బిగించి, వాడిన ఆయిల్ పోగేసి అమ్మే గ్యారేజీలో ఇచ్చేయండి.